కొండ సైకిలు చప్పుడు



ఈ పూట మీతో సైకిళ్ల ముచ్చట. బజారుకో బడికో పోయే సైకిళ్లు కావివి. కొండ మీది నుంచి రాళ్ల మీదుగా, చెట్ల వేళ్ల మీదుగా, బురదలోంచి కిందికి ఉరికే సైకిళ్లు. మౌంటెన్ బైక్ అంటున్నారు అందరూ. మనమూ అలాగే అందాం. ఈ మౌంటెన్ బైకుల వీడియోలు ఇంటర్నెట్లో కొల్లలుగా ఉన్నాయి. వాటిని తెగ చూసేవాళ్లలో నేనొకణ్ణి. నాకు బాగా ఇష్టమైనవి కొన్ని మీకు చెబుదామని వచ్చాను.

రేడియోలో వీడియోల గురించా అని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి, ఫర్వాలేదు. కానీ ఈ వీడియోల గురించి మాట్లాడటానికి రేడియోయే సరైన చోటని నా నమ్మకం. ఎందుకంటే వాటిలో ఏది అసలు, ఏది ఆర్భాటం అన్నది నేను కంటితో కన్నా చెవితోనే ఎక్కువ తేల్చుకుంటాను. అవును, చెవితోనే.

కంటితో ఎందుకు తేల్చుకోలేం? కెమెరా మోసం చేస్తుంది కాబట్టి. ఈ సైకిళ్లవాళ్లు హెల్మెట్ మీదో ఛాతీ మీదో చిన్న కెమెరా బిగించుకుంటారు. అటూ ఇటూ ఉన్నదంతా పట్టాలని దానికి వెడల్పు లెన్సు పెడతారు. ఆ లెన్సులో నిట్టనిలువు దిగుడు కూడా చదునైన బాటలాగే కనిపిస్తుంది. అక్కడికి వెళ్లి నిలబడితే కాళ్లు వణికే చోటు, ఫోనులో చూస్తే, ఓసింతేనా అనిపిస్తుంది. ఒక చిట్కా చెబుతాను. ఈసారి చూసినప్పుడు నేల వైపు చూడకండి. పక్కనున్న చెట్ల వైపు చూడండి. చెట్టు ఏ కొండ మీదైనా ఆకాశం వైపే నిటారుగా పెరుగుతుంది. ఆ మాను నేలను ఏ కోణంలో తాకుతోందో చూస్తే వాలు ఎంతో తెలిసిపోతుంది.

చెట్లు లేకపోతే? అప్పుడు చెవి ఉంది. రొప్పుతున్న ఊపిరి వినండి. బ్రేకు పట్టిన చక్రం కిందనుంచి రాళ్లు జారే చప్పుడు వినండి. మన పాత సైకిళ్లకు ఫ్రీవీలు ఉండేది, గుర్తుందా? పెడలు తొక్కడం ఆపగానే వెనక చక్రంలోంచి టిక్ టిక్ టిక్ మని చప్పుడు వచ్చేది. ఈ ఖరీదైన సైకిళ్లలోనూ ఉన్నది అదే సూత్రం. లోపల చిన్న చిన్న నాలుకలు పళ్ల మీదుగా జారుతుంటాయి. వేగం పెరిగేకొద్దీ ఆ టిక్ టిక్ కలిసిపోయి కందిరీగల రొద అవుతుంది. ఆ రొద సన్నగా సాగిందంటే చక్రం జోరుగా తిరుగుతోందన్నమాట. ఉన్నట్టుండి ఆగిపోయిందంటే బ్రేకు నొక్కి చక్రాన్ని ఆపేశాడన్నా కావాలి, మళ్లీ పెడలు తొక్కుతున్నాడన్నా కావాలి. ఇవన్నీ చూపు చెప్పదు, చెవి చెబుతుంది.

అందుకే ఎవరైనా వీడియో అంతటా ఢమఢమలాడే సంగీతం అతికించారంటే నాకు అనుమానం. ఏదో దాస్తున్నారు అనుకుంటాను. చాలాసార్లు నా అనుమానం నిజమే అవుతుంది.

సరే, ఇక నాకు నచ్చినవాటిలోకి వద్దాం. మొదటిదాంట్లో సైకిలు చప్పుడు కన్నా ఒక మనిషి గొంతే ఎక్కువ వినిపిస్తుంది.

స్విట్జర్లాండ్‌లో షాంపేరీ అనే కొండ ఊరుంది. 2011 సెప్టెంబరులో అక్కడ ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. డౌన్‌హిల్ పోటీ. అంటే కొండ దిగే పోటీ. అది ఎలా ఉంటుందో ముందు చెబుతాను. కొండ మీద ఒక చిన్న గేటు ఉంటుంది. అక్కణ్ణుంచి ఒక్కొక్కరే బయల్దేరతారు. పక్కన ఇంకెవరూ ఉండరు. పోటీ గడియారంతోనే. మూడు నాలుగు నిమిషాల్లో అడుగుకు చేరాలి. తక్కువ సమయంలో దిగినవాడిదే గెలుపు. మొదటివాడికీ రెండోవాడికీ మధ్య చాలాసార్లు ఒక్క సెకను తేడా కూడా ఉండదు. ఈ మాట గుర్తుంచుకోండి. ఒక్క సెకను కూడా ఉండదు.

ఆ రోజు వాన. షాంపేరీ వాలు మామూలప్పుడే భయంకరం. వాన పడ్డాక అది వట్టి జారుడు బండ. ప్రపంచంలో ఆరితేరినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వస్తున్నారు, ఆచితూచి దిగుతున్నారు, అయినా జారుతున్నారు. అప్పుడు గేటు దగ్గరికి వచ్చాడు డానీ హార్ట్. ఇంగ్లండు ఈశాన్య తీరాన రెడ్‌కార్ అనే ఊరి కుర్రాడు. వయసు 19.

బయల్దేరాడు. వానా బురదా తనకేమీ పట్టనట్టు దిగుతున్నాడు. ఒక కాలు పెడలు మీంచి జారి గాల్లో వేలాడుతుంది. సైకిలు పక్కకి పోతుంది. ఇక పడ్డాడు అనుకుంటాం. పడడు. మళ్లీ పోతుంది, మళ్లీ పడడు. ఇదంతా చూస్తూ కామెంటరీ చెబుతున్న మనిషి రాబ్ వార్నర్. ఆయన కూడా ఒకప్పుడు డౌన్‌హిల్ రేసరే. 1996లో ఆస్ట్రియాలోని కాప్రూన్‌లో ప్రపంచ కప్ పోటీ గెలిచినవాడు. కాబట్టి ఏ రాయి దగ్గర ఏమవుతుందో ఆయన ఒంటికి తెలుసు. ఆ భయం గొంతులోకి వచ్చేస్తుంది. మొదట్లో మర్యాదగా వివరిస్తుంటాడు. తర్వాత వాక్యాలు తెగిపోతాయి. ఆ తర్వాత అరుపులు. గడియారం వైపు చూసి ఆయనకే నమ్మకం చిక్కదు.

హార్ట్ ధైర్యాన్ని పొగుడుతూ వార్నర్ అరిచిన ఒక మాట ఈ ఆట ఇష్టపడేవాళ్లందరికీ కంఠతా వచ్చు. అది ఈ మైకు ముందు చెప్పదగ్గది కాదు, క్షమించాలి.

ఆఖరి ఎత్తు మీంచి ఎగిరేటప్పుడు హార్ట్ ఏం చేశాడో తెలుసా? అంత ప్రమాదంలోనూ సైకిలును గాల్లో అడ్డంగా తిప్పి, మళ్లీ తిన్నగా దించాడు. ప్రపంచ కిరీటం చేతికి అందేచోట ఈ అల్లరి! గెలిచాడు. ఎంత తేడాతో? ఒక్క సెకను కూడా తేడా ఉండని ఆటలో 11 సెకన్ల పైచిలుకు తేడాతో.

మనలో చాలామంది క్రికెట్టును రేడియోలో వింటూ పెరిగినవాళ్లం. బంతి కనపడకపోయినా కామెంటేటరు గొంతు పెరిగితే వికెట్టు పడిందని తెలిసేది. ఈ వీడియోను అలా వినండి. ఫోను తిరగేసి బల్ల మీద పెట్టి, శబ్దం మాత్రం వినండి. ఇంగ్లిషు అర్థం కాకపోయినా కథంతా అర్థమవుతుంది.

ఇక రెండోది. ఇందులో సంగీతం ఉంది. సంగీతం ఉంటే అనుమానం అన్నావు కదా అని మీరు నన్ను నిలదీయవచ్చు. ఆగండి, చెబుతాను.

స్కాట్లండులో డానీ మకాస్కిల్ అని ఒకడున్నాడు. స్కై దీవిలో డన్‌వేగన్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. ఎడిన్‌బరో నగరానికి వచ్చి సైకిలు షాపులో మెకానిక్కుగా పనిచేసేవాడు. తీరిక దొరికితే చాలు, ఊళ్లోని గోడలూ మెట్లూ అరుగులూ ఎక్కేవాడు, సైకిలు మీదే. అతనితో ఒకే ఇంట్లో ఉండే మిత్రుడు డేవ్ సవర్‌బీ ఆ విన్యాసాలన్నీ కెమెరాలో పట్టి 2009 ఏప్రిల్లో యూట్యూబులో పెట్టాడు. ఆ వీడియోను జనం కోట్లసార్లు చూశారు. అందులో ఒక ఇనుప కంచె ఉంటుంది. పైన వరసగా ఈటెల్లాంటి మొనలు. మకాస్కిల్ ఆ కంచె మీద, ఆ మొనల మీద, సైకిలు నడుపుతాడు. నాకు నచ్చింది ఆ నడపడం కన్నా అంతకు ముందున్నది. ఎక్కబోయి పడటం, మళ్లీ ఎక్కబోయి మళ్లీ పడటం, అవన్నీ కత్తిరించకుండా ఉంచారు. అది అడ్డంకులు ఎక్కి దిగే ట్రయల్స్ సైకిలు, మౌంటెన్ బైకుకు దాయాది. కొండ మీది వీడియో తర్వాత వచ్చింది.

2014 అక్టోబరులో వచ్చిన ఆ వీడియో పేరు ది రిడ్జ్. కొండ శిఖర రేఖ అనుకోండి. మకాస్కిల్ సొంత దీవిలోనే కూలిన్ పర్వతాలున్నాయి. నల్లటి, రంపపు పళ్ల లాంటి కొండకొమ్ములు. మొదట పడవలో సైకిలు వేసుకుని తెడ్లు వేస్తూ వస్తాడు. తర్వాత కొండ ఎక్కుతాడు. అక్కడొక రాతి కొమ్ము ఉంది. చేరరాని శిఖరం అన్నది దాని పేరే. సముద్ర మట్టానికి 986 మీటర్ల ఎత్తు. మన తిరుమల కొండల ఎత్తు ఇంచుమించు అంతే ఉంటుంది. కానీ ఇది గోడలాగా లేచిన సన్నటి రాతి పలక. కొండలెక్కేవాళ్లు కూడా తాడు పట్టుకుని ఎక్కుతారు. మకాస్కిల్ సైకిలు వీపుకు తగిలించుకుని దాని కొస దాకా ఎక్కి, అక్కడ సైకిలును రెండు చేతులతో పైకెత్తి నిలబడతాడు. డ్రోను కెమెరా దూరంగా జరుగుతుంటే, ఆ మనిషి చుట్టూ ఆకాశం తప్ప ఇంకేమీ లేదని మనకు తెలుస్తుంది.

తర్వాత దిగుతాడు. రెండు వైపులా లోయలు. మధ్యలో సైకిలు టైరు పట్టేంత దారి.

ఆ దిగుడు సాధ్యమయ్యింది సగం అతని నేర్పు వల్ల, సగం ఆ రాతి వల్ల. గాబ్రో అనే రాయి అది. ఉప్పుకాగితంలా గరుకు. చెప్పులనూ టైరునూ గట్టిగా పట్టుకుంటుంది. హైదరాబాదు చుట్టుపక్కల గ్రానైటు గుట్టలెక్కినవాళ్ల అరికాళ్లకు ఈ పట్టు ఎలా ఉంటుందో తెలుసు. అయితే కూలిన్‌లో మధ్య మధ్య బసాల్టు చారలు కూడా ఉంటాయి. తడిస్తే అది జారుడే జారుడు. ఒక రాయి పట్టుకుంటుంది, పక్క రాయి వదిలేస్తుంది. ఇది తెలిశాక వీడియో మళ్లీ చూడండి. వేరే వీడియో చూసినట్టు ఉంటుంది.

సంగీతం సంగతి చెబుతానన్నాను కదా. దర్శకుడు స్టూ థామ్సన్ ఈ వీడియోకి ఎంచుకున్నది మార్టిన్ బెనెట్ కూర్చిన బ్లాక్‌బర్డ్ అనే గీతం. బెనెట్ స్కాట్లండువాడే. చిన్న వయసులో, 2005లో కన్నుమూశాడు. ఆ దేశపు పాత జానపద గాయనుల గొంతులను తన వాద్యాలతో కలిపి కొత్త పాటలు కట్టేవాడు. కొండ ఆ దేశానిది, సైకిలువాడు ఆ దేశంవాడు, గొంతూ ఆ నేలదే. ఆ పాట దేన్నీ దాచడం లేదు. అందుకే ఒప్పుకున్నాను.

ఇప్పుడు చప్పుడే లేని వీడియో ఒకటి. నిజంగా చప్పుడే లేదనను, కానీ ఉండవలసిన ఒక చప్పుడు అందులో లేదు.

ఆస్ట్రియాలో లియోగాంగ్ అనే చోట 2015లో డౌన్‌హిల్ ప్రపంచ కప్ పోటీ. ఆరన్ గ్విన్ అనే అమెరికన్ గేటులో నిలబడ్డాడు. గంట మోగింది. పెడలు బలంగా తొక్కాడు. టక్కున చైను తెగింది. కొండ మొదట్లోనే, పోటీ మొదట్లోనే, చైను తెగింది. ఇక పెడలు తొక్కినా చక్రానికి బలం చేరదు. మనమైతే సైకిలు దిగి నెట్టుకుంటూ ఇంటికి పోతాం.

అంతకు ముందు ఏడాది ఇదే లియోగాంగ్‌లో గ్విన్ టైరు గాలి పోయి, టైరే ఊడిపోయి, ఒట్టి రిమ్ము మీద కింది దాకా వచ్చాడు. ఆ చోటికీ ఆయనకీ ఏ జన్మ బాకీయో మరి.

ఈసారి చైను లేదు. అయినా దిగాడు. మరి వేగం ఎక్కడిది? ఊయల మీద పిల్లవాడు ఎవరూ తోయకుండానే మోకాళ్లు ముడిచి, చాచి, జోరు పెంచుకుంటాడు చూడండి. ఇదీ అదే విద్య. బాటలో గుంట వచ్చినప్పుడు ఒళ్లంతా బరువు చేసి సైకిలును కిందికి నొక్కుతాడు. గుంట దాటి మిట్ట రాగానే తేలికైపోతాడు. అలా ప్రతి గుంటా ముందుకు తోస్తుంది. బ్రేకు మాత్రం వీలైనంత తక్కువ పట్టాలి. పోగొట్టుకున్న వేగాన్ని మళ్లీ తొక్కి తెచ్చుకునే దారి లేదు కదా.

డౌన్‌హిల్ సైకిలులో పెద్ద రొద చైనుదే. రాళ్ల మీద పోతుంటే ఎగిరెగిరి చట్రాన్ని కొడుతూ ఉంటుంది. గ్విన్ సైకిలుకి ఆ రొద లేదు. అంత నిశ్శబ్దంగా కిందికి వచ్చినవాడు ఎన్నో స్థానంలో నిలిచాడంటారు? మొదటి స్థానంలో. చైను లేని సైకిలు మీద ప్రపంచ కప్ పోటీ గెలిచాడు. ఆ తర్వాత కొన్నాళ్లపాటు, అసలు చైను లేకపోతేనే, కుదుపులను మింగే వెనక షాకు హాయిగా పనిచేస్తుందేమోనని సైకిళ్లవాళ్లంతా వాదించుకున్నారు. ఓడినవాళ్లకు వాదన కావాలి మరి.

చప్పుడు గురించి నాకన్నా పట్టింపు ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. కెనడాకి చెందిన బ్రాండన్ సెమెనక్. గాల్లో సైకిలుతో ఈయన చేసే విన్యాసాలకు సాటి తక్కువ. అమెరికాలోని యూటా ఎడారిలో రెడ్ బుల్ రాంపేజ్ అనే పోటీ ఉంది. దాన్ని 2024తో కలిపి ఐదుసార్లు గెలిచాడు. ఆయనా, రూపర్ట్ వాకర్ అనే కెమెరా మనిషీ కలిసి రా 100 అని ఒక వరస వీడియోలు మొదలుపెట్టారు. నియమాలు కొన్నే. నిడివి 100 సెకన్లు. సంగీతం ఉండదు. స్లో మోషన్ ఉండదు. కాఫీ తాగడం, సూర్యోదయం చూడటం, ఊహల్లో తేలడం లాంటి అలంకారాలేవీ ఉండవు. సైకిలు, మట్టి, మనిషి, అంతే.

చెవికి పెట్టుకునే ఇయర్‌ఫోన్లుంటే వాటితో వినండి. తడి మట్టి మీద టైరు చేసే చప్పుడు వేరు, పొడి మట్టి మీద వేరు. ఎగిరేముందు గర్రుమంటుంది. గాల్లో ఉన్నంతసేపూ ఫ్రీవీలు రొద ఒక్కటే. దిగగానే షాకులు ఉస్సుమంటాయి. ఈ మూడు చప్పుళ్ల మధ్య ఎంత ఎడముందో వింటే, ఎంత ఎత్తు ఎగిరాడో చూడకుండానే చెప్పవచ్చు.

అదే సెమెనక్ 2015లో అన్‌రియల్ అనే సినిమాలో ఒక ఘట్టం చేశాడు. కాలిఫోర్నియాలో ఎండిన గడ్డి కొండ. పై నుంచి కింది దాకా మొత్తం దిగుడు ఒక్కటే షాటు. ఎక్కడా కోత లేదు. దానికోసం సైకిలు బాట పక్కనే కెమెరా బండి పోవడానికి ఇంకో దారి వేశారు. మామూలు వీడియోల్లో ఒక ఎగురుడు నాలుగు ముక్కలుగా చూపిస్తారు. వాటి మధ్యలో ఎన్నిసార్లు పడ్డాడో మనకు తెలియదు. ఇక్కడ దాచడానికి చోటే లేదు. ఎగిరాడు, దిగాడు, మళ్లీ ఎగిరాడు, మనం ఊపిరి బిగబట్టి చూస్తూనే ఉంటాం.

రాంపేజ్ అన్నాను కదా. ఆ ఎర్రటి ఇసుకరాతి కొండల్లో 2001 నుంచీ పోటీలు జరుగుతున్నాయి. అక్కడ దారి ఉండదు. పారలూ గునపాలూ పట్టుకుని, ఇసుక బస్తాలు పేర్చి, ఎవరి దారి వాళ్లే చేసుకోవాలి. 2013లో కెల్లీ మెక్‌గారీ అనే న్యూజిలాండ్ మనిషి 72 అడుగుల లోయ మీదుగా సైకిలుతో సహా వెనక్కి పల్టీ కొట్టాడు. హెల్మెట్ కెమెరాలో ఆ వీడియో ఉంది. భూమీ ఆకాశమూ తారుమారవుతాయి. వినపడేది గాలి హోరు. ఆ గాలి హోరు కోసమే నేను మళ్లీ మళ్లీ చూస్తాను. మెక్‌గారీ 2016లో సైకిలు తొక్కుతూ గుండె ఆగి చనిపోయాడు. ఆయన దేశపు ఆడపిల్ల రాబిన్ గూమ్స్ 2024లో రాంపేజ్ గెలిచింది. ఆడవాళ్లకు అక్కడ పోటీ పెట్టడమే అది మొదలు. ఆమె దిగుడు కూడా వెతికి చూడండి.

అడవుల్లో, ఎడారుల్లోనే కాదు, ఊళ్ల మధ్యనుంచి దిగే పోటీల వీడియోలూ ఉన్నాయి. చిలీ దేశంలో వల్పరైసో అనే రేవు పట్నం ఉంది. అక్కడ కొండ మీది పేటల్లోంచి, మెట్ల దారుల్లోంచి, ఇళ్ల మధ్యనుంచి కిందికి పోటీ పెడతారు. వీధికుక్కలు కూడా అడ్డొస్తాయి. సరదాగా ఉంటుంది. అంతకన్నా చెప్పేదేం లేదు.

సరదా కాని సంగతి చెప్పకపోతే మాత్రం తప్పు. ఈ ఆటలో వెన్నెముకలు విరుగుతాయి. బ్రిటన్‌లో మార్టిన్ ఆష్టన్ అని పేరున్న విన్యాసకారుడు. 2012లో రోడ్ బైక్ పార్టీ అనే వీడియో చేశాడు. సన్నటి టైర్ల ఖరీదైన రేసు సైకిలుతో మౌంటెన్ బైకు చేసే పనులన్నీ చేసి చూపించాడు. నవ్వొస్తుంది, ఆశ్చర్యమూ కలుగుతుంది. రెండో భాగం తీస్తుండగా, 2013 సెప్టెంబరులో ఒక ప్రదర్శనలో మూడు మీటర్ల ఎత్తు నుంచి పడ్డాడు. నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. సగంలో ఉన్న వీడియోను మిత్రులు పూర్తిచేశారు. ఆ మిత్రుల్లో ఇందాకటి మకాస్కిల్ ఒకడు, క్రిస్ ఆక్రిగ్ ఇంకొకడు.

కథ అక్కడితో అయిపోలేదు. 2015లో ఆష్టన్ మళ్లీ కొండ మీదికి వచ్చాడు. సైకిలుకు సీటు బదులు, ఒంటికి సరిపోయే కుర్చీ లాంటిది అమర్చారు. పెడళ్లు తొక్కలేడు, కాలు ఆనించి నిలబడలేడు. బయల్దేరేటప్పుడూ ఆగేటప్పుడూ పక్కన ఎవరో ఒకరు పట్టుకోవాలి. వేల్స్‌లోని ఆంతర్ స్టినియోగ్ కొండ దారిలో మిత్రులంతా ముందూ వెనకా కాపు కాస్తుంటే కిందికి దిగాడు. బ్యాక్ ఆన్ ట్రాక్ అని ఆ వీడియో పేరు. అందులో పల్టీలు ఉండవు. గాల్లో ఎగరడాలు పెద్దగా ఉండవు. ఆ మిత్రులందరి నవ్వులు ఉంటాయి. విన్యాసాల వీడియోలు వంద చూసినా ఆ నవ్వు ఒక్కదానికి సరిరావు.

పిల్లలున్న ఇళ్లవాళ్లకు ఇక్కడ ఒక మాట. ఈ వీడియోలు చూసి మీ అబ్బాయో అమ్మాయో గేర్ల సైకిలు కొనమని పేచీ పెట్టవచ్చు. కొనండి, మంచిదే. కానీ మన బజార్లో తక్కువ ధరకు దొరికే లావు టైర్ల సైకిలు చూడటానికి మౌంటెన్ బైకులాగే ఉంటుంది, పనికి మాత్రం కాదు. వీడియోల్లోని డౌన్‌హిల్ సైకిళ్లకు ముందూ వెనకా బలమైన షాకులుంటాయి, ఎగిరి దిగే బరువును తట్టుకునే చట్రం ఉంటుంది, వేలితో నొక్కితే ఆగే డిస్కు బ్రేకులుంటాయి. చవక సైకిలుతో గట్టు మీంచి దూకితే ముందు ఫోర్కు విరగవచ్చు. దూకొద్దని చెప్పండి. మట్టి బాటలో తొక్కుకోమనండి. హెల్మెట్ మాత్రం పెట్టించండి. దూకొద్దు, హెల్మెట్ కావాలి. ఈ రెండే.

అసలు ఈ ఆట పుట్టిందే పాత సామాను సైకిళ్ల మీద. కాలిఫోర్నియాలో టమల్పాయస్ అనే కొండ ఉంది. 1970ల్లో ఆ చుట్టుపక్కల కుర్రాళ్లు ఎవరో వదిలేసిన లావు టైర్ల పాత సైకిళ్లు తెచ్చి, బాగుచేసుకుని, మట్టి బాటలో కిందికి వదిలేవారు. జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ, ఇలా కొందరు. ఆ సైకిళ్లకు చేతి బ్రేకులు కాదు, పెడలు వెనక్కి తొక్కితే వెనక చక్రంలో పట్టే బ్రేకు. కింది దాకా వచ్చేసరికి అది కాలిపోయి, లోపలి గ్రీజు పొగై పోయేది. ప్రతిసారీ విప్పి కొత్త గ్రీజు కూరాలి. ఆ కూరడాన్ని పట్టుకునే ఆ బాటకు రీప్యాక్ అని పేరొచ్చింది. 1976 అక్టోబరులో అక్కడ మొదటి పోటీ పెట్టుకున్నారు. ఇరవై ఏళ్లు తిరక్కుండానే, 1996లో, మౌంటెన్ బైకింగ్ ఒలింపిక్స్‌లోకి వెళ్లింది. ఆ తొలినాళ్ల మనుషులతోనే తీసిన క్లంకర్జ్ అనే డాక్యుమెంటరీ ఒకటుంది. పొగలు కక్కే చక్రాల సంగతి వాళ్ల నోటనే వినవచ్చు.

పాత సామాను సైకిలు అనగానే నాకు అన్నిటికన్నా ఇష్టమైన వీడియో గుర్తొస్తుంది. దాన్ని కావాలనే చివరికి ఉంచాను. ఇది మనకు దగ్గరి కథ. నేపాల్ కథ.

ఖాట్మండూ కుర్రాడు రాజేశ్ మగర్. అందరూ ఆర్జే అంటారు. ఇంట్లో లేమి. సైకిలు పిచ్చేమిటి, చదువుకోక అని పెద్దవాళ్ల కోపం. ఈ కోపం మన ఇళ్లలోనూ తెలిసిందే. మంచి సైకిలు కొనే తాహతు లేదు. డొక్కు సైకిలు ఒకటి సంపాదించాడు. దానికి అక్కడా ఇక్కడా దొరికిన భాగాలు బిగించుకుని కొండ దారుల్లో పడ్డాడు. పడి లేచి, పడి లేచి, ఎక్కడిదాకా వెళ్లాడంటే, 21 ఏళ్లు వచ్చేసరికి నాలుగుసార్లు నేపాల్ జాతీయ చాంపియన్ అయ్యాడు. జోయీ షుస్లర్ అనే అమెరికన్ దర్శకుడు ఆ కథను 2018లో ఆర్జే రిప్పర్ అనే చిన్న సినిమాగా తీశాడు.

మిగతా వీడియోల్లో కొండ అంటే ఆట స్థలం. ఈ వీడియోలో కొండ అంటే జనం ఉండే చోటు. ఖాట్మండూ ఇరుకు సందులు, దుమ్ము, ట్రాఫిక్కు హారన్లు. మెట్ల దారుల్లో మూటలు మోసుకుపోయే మనుషులు. వాళ్ల మధ్యలోంచి ఈ కుర్రాడు ఎగురుతూ పోతుంటాడు. తిట్టేవాళ్లు తిడతారు, నవ్వేవాళ్లు నవ్వుతారు. ఆ వెనక హిమాలయాలు ఉంటాయి, కానీ వాటిని తెరకు వేలాడదీసిన బొమ్మల్లా వాడుకోలేదు. నిజం చెప్పాలంటే, సైకిలు నడపడంలో గ్విన్‌కో హార్ట్‌కో ఆర్జే సాటి రాడు. ఆ ఖర్చూ ఆ శిక్షణా వేరు. అయినా వీడియోగా చూస్తే నా లెక్కలో ఇదే అన్నిటికన్నా పైన.

ఇన్ని పేర్లు ఒక్కసారి విని గుర్తుపెట్టుకోవడం కష్టం. కాబట్టి ఒక్క పేరు గుర్తుంచుకోండి. ఆర్జే రిప్పర్. మళ్లీ చెబుతున్నాను, ఆర్జే రిప్పర్. యూట్యూబులో వెతికితే దొరుకుతుంది. నిడివి ఇరవై నిమిషాలకు అటూ ఇటూ. ఇంట్లో సైకిలు కోసం పేచీ పెట్టే పిల్లలుంటే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. వాల్యూం కాస్త పెంచుకోండి.